హద్దు రాయి దగ్గర దొరికిన సిగ్నల్

మా చేనులో నలభై అడుగుల టవర్ ఒకటి నా చేతులతో నేనే నిలబెట్టాను.

ఈ మాట ఇబ్రహీంపట్నంలో చాయ్ తాగిన ప్రతిచోటా చెప్పాను కాబట్టి ఇక్కడా అలవాటుగా వచ్చేసింది. నలభై కాదు, పద్దెనిమిది. టవర్ కూడా కాదు. చేపలు పట్టేవాళ్లు తెప్పను నెట్టుకునే వెదురు గడలు రెండు తెచ్చి, ఒకదానికొకటి బైండింగ్ వైరుతో కట్టి, కొసన అరచేయంత తెల్లటి యాంటెన్నా బిగించాం. నా చేతులతో అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. గడ ఎత్తి పాతింది, సిగ్నల్ వెతుక్కుంటూ మా చేనుకొచ్చిన ఒక అమ్మాయి. నేను పక్కన నిలబడి కుడికి, ఎడమకి అని చెప్పాను.

ఆమెతో నేను ఫోన్ల ఆఫీసులో ఇంజనీరుగా చేశానని చెప్పాను. తర్వాత లైన్‌మన్ అని సవరించుకున్నాను. నిజానికి లైన్‌మన్ వెనక నిచ్చెన మోసేవాణ్ణి. కానీ ముప్పై ఏళ్లు మోశాను. వైరంటే ఏమిటో, జాయింటు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో చూసి చూసి నేర్చుకున్నాను. తెలియక చేశానని తర్వాత తప్పించుకునే వీలు లేకుండా ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను.

ఆమె మొదట మా చేనులోకి వచ్చింది ఫోను చూసుకుంటూ. రోడ్డు మీద స్కూటీ ఆపి, ఫోను తలకన్నా పైకెత్తి పట్టుకుని, నాలుగడుగులు వేసి ఆగుతూ, మళ్లీ వేస్తూ మా గట్ల మీదుగా నడుస్తోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ప్లాటు చూడ్డానికి వచ్చిన మనిషనుకుని, అమ్మేది లేదని ఇంటి ముందు నుంచే కేకేశాను. భూమి కాదు తాతా, సిగ్నల్ కావాలె అంది.

ఆమె కథ అంతా మా ఇంటామె ఆ పూటే లాగేసింది. ముందు ఆదిభట్లలో పని, కంపెనీ బస్సులో రాకపోకలు. ఇప్పుడు ఇంటి నుంచే పని. మన్నెగూడలో గది. ఎక్కడో ఆస్ట్రేలియాలో ఆసుపత్రుల్లో ఏ మంచం ఖాళీగా ఉందో చూపించే ప్రోగ్రాం ఒకటుందట, అది ఆగిపోకుండా చూసే మనుషుల్లో ఈమె ఒకతె. పొద్దున ఆరుకి మొదలైతే మధ్యాహ్నం రెండు దాకా లైన్లో ఉండాలి. గది చుట్టూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఒక రోజు జేసీబీ తవ్వుతూ ఇంటర్నెట్ కేబుల్ తెంపేసింది. పదిహేను రోజులకు మరో జేసీబీ మరోచోట తెంపింది. రెండుసార్లూ ఆమె మీటింగ్ మధ్యలో మాయమైంది. మూడోసారి లైను తెగితే ఇంటి నుంచి పని బంద్, సోమవారానికల్లా చెన్నై ఆఫీసులో ఉండాలని మేనేజర్ రాసి పంపాడు. చెన్నై పోతే ఏమవుతుందని మా ఇంటామె అడిగింది. వాళ్లమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్ అట, తీసుకుపోయి తీసుకొచ్చేది ఈమే. 

అందుకే జేసీబీలు లేని చోటు, కేబుల్‌తో పని లేని చోటు వెతుక్కుంటూ వచ్చింది. ఎప్పుడో గుట్టలెక్కేటప్పుడు కొన్న గుడారం ఆమె దగ్గర ఉంది. వారంలో నాలుగు రోజులు గుడారంలో ఉండి పని చేసుకుంటా, మిగతా రోజులు అమ్మ దగ్గరికి పోతా అంది. తాను గుడారంలో ఉన్న రోజుల్లో అమ్మ దగ్గర చిన్నమ్మ ఉంటుందట.

మా చేను గురించి కాస్త చెప్పాలి. పైన మా రేకుల ఇల్లు, పక్కనే మోటరు గది. అక్కడి నుంచి చెరువు వైపు దిగితే ఒక వంపు. వంపు దాటితే నేల మళ్లీ లేచి చిన్న దిబ్బ. దిబ్బ అవతలి అంచున సున్నం కొట్టిన హద్దు రాయి. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించడానికి సర్కారు వాళ్లు పాతే రాయి అది. రాయి దాటితే చెరువు భూమి.

ఇంటి దగ్గర సిగ్నల్ ఒక గీత. వంపులో అదీ వచ్చి పోతూ ఉంటుంది. దిబ్బ మీద మాత్రం నిండుగా. చెరువు మీదుగా చూపు ఎక్కడా ఆగకుండా శేరిగూడ కాలేజీల దిక్కు టవర్ దాకా పోతుంది కాబట్టి అని ఆమే చెప్పింది. ఆ ముక్క నేనే ముందు చెప్పానని ఊళ్లో అన్నాను. మూడు రోజులు రెండు కంపెనీల సిమ్ములు మార్చి మార్చి వేసి, గంటగంటకూ స్పీడు ఎంతుందో నోటుబుక్కులో రాసుకుంది. సాయంత్రం హాస్టల్ పిల్లలందరూ ఫోన్లు తెరిస్తే నత్తలా పోతుంది, పొద్దున మాత్రం గుర్రం. ఆమె పని పొద్దున్నే. అట్లా దిబ్బ ఖాయమైంది.

గుడారం వేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. నీళ్లు ఇక్కడిదాకా వస్తాయా అని.

నేను హద్దు రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నా డెబ్బై ఏండ్లల్ల నీళ్లు గీ రాయిని ఒక్కసారి గూడ తాకలే బిడ్డా అన్నాను.

మాట నిజమే. నీళ్లు ఆ రాయిని తాకలేదు. ఆ రాయి అక్కడ ఉన్నది పదేళ్లే, ఆ పదేళ్లూ చెరువు సగానికి మించలేదు. అంతకు ముందు రాయి ఉన్నది అక్కడ కాదు. మా మోటరు గది గోడ పక్కన. సర్కారు వాళ్లు కొలిచి పాతిన చోటు అది. ఆ రాయి అక్కడుంటే వంపూ దిబ్బా అన్నీ చెరువు కిందికి పోతాయి, గుడిసె వేసుకోవడానికి కూడా పనికిరావు. చెరువు ఎండి తుమ్మచెట్లు మొలిచిన ఒక ఏడు, ఊరంతా పెళ్లికి పోయిన పూట, గడ్డపారతో రాయి పెకిలించి దిబ్బ అవతలికి తీసుకుపోయి పాతాను. బరువైన రాయి. రెండో కొస పట్టింది మా ఇంటామె.

అన్నీ పెంచి చెప్పే నేను ఈ ఒక్కదాన్ని తగ్గించి చెప్పేవాణ్ణి. ఎవరైనా అనుమానంగా అడిగితే, వానకు ఒరిగితే ఒక రెండడుగులు సర్దిన అనేవాణ్ణి. సర్దింది నూట ముప్పై అడుగులు.

గుడారం దిబ్బ నడి నెత్తిన లేచింది, మూతి చెరువు వైపు. లోపల తన వెనక ఆమె మన్నెగూడ గదిలోని దుప్పటి ఒకటి వేలాడదీసింది, వీడియోలో గోడలా కనపడాలని. మేనేజర్ దృష్టిలో ఆమె ఇంకా గదిలోనే ఉంది. నా వంతు కరెంటు. మోటరు గది నుంచి సర్వీసు వైరు లాగాను. చాలలేదు. ఇంకో ముక్క కలిపాను. జాయింటు సరిగ్గా వంపులో పడింది. టేపు చుట్టి, పైన సైకిల్ ట్యూబు చుట్టి, రెండు ఇటుకల మీద పెట్టాను. అక్కడిదాకా నీళ్లెలా వస్తాయి, రాయి దిబ్బ అవతల ఉండగా. నా అబద్ధాన్ని అందరికన్నా ఎక్కువ నమ్మింది నేనే అని ఇప్పుడు అనిపిస్తుంది.

సిమ్ము వేసి ఇంటర్నెట్ పట్టే రూటర్ డబ్బాకు చిన్న బ్యాటరీ ఉండేది ఆమె దగ్గర, పాడైంది. కొత్తది తెచ్చుకుంటానంటే నేనే ఆపాను. నా మోటరుకు కరెంటు పోవుడు అంటే ఏందో తెల్వదు, బ్యాటరీ ఎందుకు అన్నాను. ఫ్యూజు మాటిమాటికి కొట్టేయకుండా అందులో మందపాటి తీగ చుట్టి పెట్టుకున్న మనిషిని నేను. ఫ్యూజు పోదంటే అది గొప్ప కాదు, ప్రమాదమని నిచ్చెన మోసిన నాకు తెలుసు.

నాలుగు వారాలు బాగానే నడిచింది. ఆమె మీటింగులో ఉంటే గుడారం తాడుకు తన ఎర్ర దస్తీ, అదే చేతిరుమాలు, కట్టేది. దస్తీ ఉంటే ఎవరూ పలకకూడదు, దగ్గరికి రాకూడదు. దస్తీ విప్పాక పైకి వచ్చి మా ఇంటామె చేసిన జొన్న రొట్టె తిని, నా కబుర్లు వినేది. ఒక రోజు నేను ఈ చెరువులో అరవై కిలోల బొచ్చె చేపను పట్టానని చెప్పాను. ఆమె మా ఇంటామె దిక్కు చూసింది. పదిహేను అంది మా ఇంటామె పొయ్యి దగ్గర నుంచి, తల ఎత్తకుండా.

"అయితే తాత చెప్పింది నాలుగుతోటి భాగించాలె," అంది అమ్మాయి.

అప్పటి నుంచి అదే లెక్క. నేనేమన్నా చెప్పగానే నాలుగు వేళ్లు చూపించేది. దస్తీ లేనప్పుడు ఆమె గుడారం బయట నిలబడితే పాము, పాము అని అరిచి ఎగిరి గంతేయించడం నాకు సరదా. మొదటిసారి గంతేసింది. రెండోసారి నవ్వింది. మూడోసారి నాలుగు వేళ్లు.

భాద్రపదంలో మా దగ్గర వానలు ఆగిపోయాయి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కానీ చెరువు పెరుగుతోంది. ఎగువన ఎక్కడో కురిసింది కాలువల వెంట వస్తోందని అందరికీ తెలుసు. ఎండ కాస్తూనే ఉంటుంది, నీళ్లు పెరుగుతూనే ఉంటాయి. పొద్దున చూసిన తుమ్మచెట్టు మొదలు సాయంత్రానికి కనపడదు, చప్పుడు మాత్రం ఏమీ ఉండదు. మునిగిన గడ్డి కుళ్లుతున్న వాసన గాలి తిరిగినప్పుడల్లా ఇంటిదాకా వచ్చేది. కొంగలు నేనెప్పుడూ చూడని చోట్ల నిలబడేవి.

ఆ వారం ఆమెకు కీలకం, అందుకే ఐదు రోజులూ గుడారం నుంచే పని. పాత మేనేజర్ స్థానంలో కొత్తాయన వస్తున్నాడు. వారమంతా లైను తెగకుండా ఉంటే ఇంటి నుంచి పని ఖాయమని కాగితం ఇస్తామన్నారట. శుక్రవారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఆఖరి మీటింగ్. సోమ, మంగళ, బుధ, గురు ఒక్క నిమిషం కూడా తెగలేదు. గోడ మీద సుద్దతో నాలుగు గీతలు గీసింది మా ఇంటామె.

గురువారం సాయంత్రం చేపలు పట్టే మా తమ్ముడు వచ్చాడు. ఊరి వరసకు తమ్ముడు. వచ్చి కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. వలలు కట్టే గూటాలు అన్నీ మునిగాయట. ఇంత నీళ్లు తన పెళ్లికి ముందు చూశాడట.

"నీళ్లు ముంగట నుంచి వస్తయని చూస్తున్నవేమో అన్నా," అన్నాడు. "గీ చెరువు ఎనక నుంచి వస్తది. జర నీ వంపు దిక్కు చూస్కో."

అతను పోయాక మా ఇంటామె పొయ్యిలో కట్టె సర్దుతూ, ఆ పోరికి రాయి సంగతి చెప్పమంది. రేపు ఒక్క పూటే, మధ్యాహ్నానికి మీటింగ్ అయిపోతుంది, గుడారం విప్పేస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పే పని ఉండదు అన్నాను. ఇప్పుడు చెప్తే రాత్రికి రాత్రి ఎక్కడికి పోతుంది, రేపటి లైను ఎట్లా అని కూడా అన్నాను. ఆ మాట నిజమే. కానీ నేను అన్నది అందుకోసం కాదు.

"అన్నీ పెంచుతవ్," అంది ఆమె. "గిదొక్కటి ఎందుకు తగ్గిస్తవ్?"

శుక్రవారం తెల్లవారగానే దిబ్బ మీదికి పోయాను. ఆమె అప్పటికే లోపల పనిలో ఉంది, కీబోర్డు టకటకమని కొడుతోంది. నేను గుడారాన్ని చుట్టి అవతలికి పోయి రాయిని చూశాను. రాయి కింది సగం సున్నం తడిసి బూడిద రంగుకు మారింది. నీళ్లు రాయిని ఆనుకుని, ఒక్క అల కూడా లేకుండా నిలబడ్డాయి. కాలి బొటనవేలితో తాకి చూశాను. వెచ్చగా ఉన్నాయి. చెప్పడానికి గుడారం ముందుకు వచ్చాను. దస్తీ అప్పుడే కట్టింది. ఒక వేలు పెదవుల మీద పెట్టుకుని, కళ్లతో నవ్వి, లోపలికి పోయింది.

నేను చెప్పకపోవడానికి దస్తీని సాకుగా వాడుకున్నాను. ఎనిమిదికి ఇంకా చాలా సమయం ఉంది. చిన్న మీటింగేదో అది, మధ్యలో కాసేపు విప్పింది కూడా. ఆ కాసేపట్లో నేను మా ఇంటి ముందు కూర్చుని చాయ్ తాగాను.

తొమ్మిది ప్రాంతంలో మోటరు గది గోడ మీద చీమలు కనిపించాయి. తెల్లటి గుడ్లు నోట పట్టుకుని బారులు బారులుగా పైకి పోతున్నాయి. వాన చీమలు కావవి, ఆకాశంలో మబ్బు లేదు. గోడ మొదట్లోకి వంగి చూశాను. నేల రంగు మారింది. పై నుంచి తడవలేదు, కింద నుంచి తడుస్తోంది. రాయి మొదట ఉన్న గుంత అది. నేను మట్టి నింపి తొక్కి సమం చేసిన గుంత ఒక్కటే చుట్టుపక్కల నేలకన్నా ముందు మెత్తబడి, రాయి అంత కొలతలో, కొంచెం దిగింది.

వంపు దిక్కు చూశాను. దక్షిణం కొస నుంచి, ఎప్పుడో ట్రాక్టర్ దారి కోసం పూడ్చేసిన పాత కాలువ వెంట, నీళ్లు వస్తున్నాయి. గడ్డి కదలకుండానే మునుగుతోంది. తమ్ముడు చెప్పినట్టే వెనక నుంచి. పదింటికి వంపంతా నిండింది, చీలమండ లోతు. దిబ్బ చుట్టూ నీళ్లు. గుడారం మూతి చెరువు దిక్కు ఉంది కాబట్టి ఆమెకు వెనక ఏమీ కనపడదు. తాడు మీద ఎర్ర దస్తీ ఎండలో ఆరేసిన బట్టలా వేలాడుతోంది.

ఇటుకలు కనపడలేదు. వైరు మా దిక్కు ఒడ్డున నీళ్లలోకి దిగి, అవతలి ఒడ్డున లేచి గుడారంలోకి పోతోంది. మధ్యలో జాయింటు ఉన్న చోట, అరడజను చిన్న పరక చేప పిల్లలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒకటి ఈదుకుంటూ ఆ దిక్కుగా వచ్చింది. వణికి, పక్కకు వాలి, మిగతావాటిలో కలిసింది.

చేపలు చూడగానే మోటరు గదికి ఉరికాను, ఒక్క క్షణం ఆలోచించలేదు. ఊళ్లో అందరికీ ఇలాగే చెప్పాను. విన్నవాళ్లు ముసలాయన హుషారు అని మెచ్చుకున్నారు కూడా.

జరిగింది ఇది. నేను నిలబడ్డాను.

ఫ్యూజు పీకితే రూటర్ ఆరిపోతుంది. ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ లైను తెగుతుంది, మూడోసారి. ఆఖరి రోజు, ఇంకా రెండు గంటలు. ఆమె చెన్నై పోవాలి, వాళ్లమ్మను తీసుకుపోయే మనిషి ఉండదు. ఇది ఒకటి. ఇది నిజంగా నా మనసులో ఉంది. కానీ దాని కింద ఇంకోటి ఉంది. ఫ్యూజు పీకితే ఆమె బయటికి వస్తుంది. వచ్చి వంపులో నీళ్లు చూస్తుంది. రాయి దిబ్బ అవతల ఉంటే నీళ్లు దిబ్బ ఇవతలికి ఎట్లా వచ్చాయని అడుగుతుంది. చదువుకున్న మనిషి, అడిగి ఊరుకోదు. నీళ్లు కాసేపట్లో ఆగుతాయేమో, ఆమె పన్నెండు దాకా బయటికి రాదేమో, వచ్చేసరికి నేను నెమ్మదిగా ఫ్యూజు తీసి ఉంటానేమో అని అక్కడే నిలబడి చేపల్ని చూస్తున్నాను. ఎంతసేపు అంటే ఊళ్లో చెప్పిన లెక్క ప్రకారం క్షణం. అసలు లెక్క పావుగంట.

పావుగంటకు గుడారం గుడ్డ కదిలింది. ఆమె మూతిలోంచి బయటికి వచ్చి, గుడారం చుట్టి ఇటు తిరిగింది. మెడలో హెడ్‌సెట్, చేతిలో స్టీలు బాటిల్. మీటింగ్ మధ్యలో ఐదు నిమిషాలు విరామం ఇచ్చారట, నీళ్లు నింపుకోవడానికి మా ఇంటికి వస్తోంది. దస్తీ విప్పలేదు. ఫోనులో ఏదో చూసుకుంటూ, వట్టి కాళ్లతో, దిబ్బ దిగడం మొదలుపెట్టింది.

ఆగు అని అరిచాను. నీళ్లల్ల కాలు పెట్టకు, కరెంటున్నది అని అరిచాను.

ఆమె తల ఎత్తింది. నవ్వింది. ఖాళీ చెయ్యి ఎత్తి నాలుగు వేళ్లు చూపించి, మళ్లీ ఫోనులోకి చూసుకుంటూ దిగుతూనే ఉంది.

అప్పుడు ఉరికాను. మోటరు గది ఇరవై అడుగులు. తలుపు గొళ్లెం తుప్పు పట్టింది, గుంజితే రాలేదు, తన్నితే వచ్చింది. ఫ్యూజు పీకి చేతిలో పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆమె వంపులో నిలబడి ఉంది. రెండు కాళ్లూ నీళ్లలో. కదలడం లేదు. ముఖంలో నవ్వు లేదు.

ఎంతసేపు నిలబడిందో, నేను పీకింది ముందో ఆమె కాలు పెట్టింది ముందో, ఈ రోజుకూ నాకు తెలియదు.

"కాళ్లు జివ్వుమన్నయ్ తాతా," అంది, చాలా మెల్లగా.

పక్కన తేలుతున్న చేపల్ని చూసింది. తర్వాత నా చేతిలో ఉన్నదాన్ని. ఆమె చేతిలో ఫోను మోగడం మొదలైంది. లైను పోయిందని ఆఫీసులో ఎవరో గుర్తించి ఫోను చేస్తున్నారు. ఆమె ఎత్తలేదు.

"కరెంటు పోయిందా?"

"పోలే. నేనే తీసిన."

ట్రాన్స్‌ఫార్మర్ పేలింది, నిప్పులు లేచినయి, గంట ముందు నుంచి నీకోసం అరుస్తున్న, ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కోటి బాగా తయారై వచ్చింది. మా ఇంటామె వచ్చి నా వెనక నిలబడింది, ఆమె ఊపిరి వినపడుతోంది.

"గా రాయి సర్కారుది కాదు బిడ్డా," అన్నాను. "నేను జరిపిన."

"ఎంత?"

"రెండు..."

వెనక నుంచి మా ఇంటామె వేలితో నా వీపు మీద పొడిచింది. 

"నూట ముప్పై అడుగులు."

ఆమె అలవాటుగా చెయ్యి కాస్త ఎత్తింది. నాలుగు వేళ్లు సగం తెరుచుకున్నాయి.

"గిది భాగించకు," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి దిబ్బను చూసింది, గుడారాన్ని, గడను. మళ్లీ ఇటు తిరిగి మా మోటరు గది గోడను, చీమల్ని, దాని మొదట్లో దిగిన గుంతను చూసింది. తాను నిలబడ్డ చోటు నుంచి ఆ గుంత దాకా కంటితో కొలిచింది. ఇంకా ఎంత నీళ్లు రావాల్సి ఉందో ఆమెకు అర్థమైంది.  ఫోను మోగడం ఆగింది.

తర్వాత అంతా తొందర. నేనూ ఆమే మోకాలి లోతులో రెండుసార్లు తిరిగాం. ల్యాప్‌టాప్‌ను దుప్పటిలో చుట్టి తల మీద పెట్టుకుంది. గుడారాన్ని విప్పే సమయం లేక మేకులు పీకి అట్లాగే ఈడ్చుకొచ్చాం. గడ అక్కడే వదిలేశాం. సాయంత్రానికి దిబ్బ నెత్తి ఒక మంచమంత మిగిలింది. మర్నాడు అదీ లేదు. నీళ్లలోంచి వెదురు గడ ఒక్కటి లేచి, కొసన తెల్లటి యాంటెన్నా శేరిగూడ దిక్కే చూస్తూ చాలా రోజులు నిలబడింది. నీళ్లు వచ్చి వచ్చి మోటరు గది గోడ దగ్గర, సరిగ్గా ఆ గుంత దగ్గర ఆగాయి. సర్కారు వాళ్లు కొలిచింది ఒక్క అడుగు కూడా తప్పలేదు.

ఆమె రోడ్డు మీదికి పోయి, సిగ్నల్ దొరికాక, మేనేజర్‌కు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పిందట. గదిలో లేనని, నెల రోజులుగా గుడారంలో ఉన్నానని. నా గురించి చెప్పలేదట. సోమవారం చెన్నైలో ఉండమన్నారు. ఆదివారం పోయింది. వాళ్లమ్మను చిన్నమ్మ తీసుకుపోతోంది, చిన్నమ్మకు చేతకాని రోజు మా ఇంటామె ఆటోలో పోతోంది. నేనూ పోతానన్నాను. వద్దంది మా ఇంటామె.

చెన్నై పోయే ముందు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గోడ మీది నాలుగు సుద్ద గీతలు ఇంకా ఉన్నాయి. చాయ్ తాగింది. నేను కబుర్లేమీ చెప్పలేదు. లేచేటప్పుడు ఒక్కటే అడిగింది.

"చేపలు చచ్చినయని ఎప్పుడు చూసినవ్ తాతా?"

చూడంగనే తీసిన అన్నాను. ఆమె వేళ్లు చూపించలేదు. నమ్మిందనుకుంటాను. ఆ పావుగంట సంగతి రాస్తున్నది ఇక్కడే, మొదటిసారి. ఈ కాగితం ఆమె చూసినా చూడకపోయినా.

నీళ్లు తగ్గాక నేనూ మా ఇంటామె రాయిని మళ్లీ పెకిలించాం. ఈసారి బరువెక్కింది, లేదా మేము ముసలివాళ్లమయ్యాం. ఒక రోజులో కాలేదు, నాలుగు రోజులు పట్టింది. కాదు, మూడు రోజులు. మోటరు గది గోడ పక్కన అదే గుంతలో దింపి సున్నం కొట్టాం. ఇప్పుడు మా చేను ముప్పాతిక చెరువుదే. ప్లాట్లవాళ్లు వచ్చి రాయిని చూసి ఏమీ అడక్కుండా తిరిగిపోతున్నారు.

పోయిన నెల నుంచి చెరువు అవతలి ఒడ్డున కొత్త వెంచర్ ఒకటి మొదలైంది. జెండాలు పాతారు. దానికి ఇవతల, నీళ్లకు కాస్త పైన, కొత్తగా సున్నం కొట్టిన హద్దు రాళ్లు కనపడుతున్నాయి. మా ఇంటి ముందు కూర్చుంటే ఒక్కోటి లెక్కపెట్టొచ్చు. పద్నాలుగు. ఇది పెంచి చెప్పింది కాదు. పద్నాలుగు రాళ్లూ తాడు కట్టి పాతినట్టు ఒకే వరసలో ఉన్నాయి. చెరువు అంచు ఎక్కడా అంత తిన్నగా ఉండదు.

నిన్న పొద్దున ఆ రాళ్ల మధ్య ఎవరో మనిషి కనిపించారు. ఆడో మగో ఇంత దూరం నుంచి తెలియలేదు. ఫోను తలకన్నా పైకెత్తి పట్టుకుని, నాలుగడుగులు వేసి ఆగుతూ, మళ్లీ వేస్తూ, ఒక రాయి దగ్గర నిలబడిపోయారు. నేను లేచి చెయ్యి ఊపాను. ఆ రాళ్లను నమ్మొద్దని అరిచాను కూడా. నీళ్ల మీదుగా నా గొంతు పోయిందో లేదో. ఆ మనిషి ఇటు తిరిగి, తెలిసినవాళ్లకు ఊపినట్టు చెయ్యి ఊపి, మళ్లీ ఫోనులోకి చూసుకున్నారు.